రెండు సిమ్‌లు, ఒకటే టవర్

కేంద్ర కమ్యూనికేషన్లు, గ్రామీణాభివృద్ధి శాఖల సహాయ మంత్రి, గౌరవనీయులైన డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,



ఇంట్లో ఫైబర్ లైన్ ఆగిపోతే ఫోన్ హాట్‌స్పాట్ ఉంది కదా అన్న ధైర్యంతో ఇవాళ చాలామంది తెలుగువాళ్ల బతుకుతెరువు నడుస్తోంది. ఊరు దాటాక ఆ హాట్‌స్పాటే అసలు ఆధారం. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని సంక్రాంతికి ఊరెళ్లే హైదరాబాద్ ఉద్యోగులూ, తండ్రిని ఆస్పత్రిలో చేర్చి వరండాలో కూర్చుని ఆఫీసు పని చూసుకునే పిల్లలూ అందరూ నమ్ముకున్నది దాన్నే. ఇంకొంచెం జాగ్రత్త గలవాళ్లు రెండు కంపెనీల సిమ్‌లు పెట్టుకుంటారు. ఒకటి పోతే ఇంకోటి పనికొస్తుందని వాళ్ల లెక్క. పల్లెల్లో ఆ లెక్క తప్పుతోందనీ, దాన్ని సరిచేసే వీలు మీ శాఖ చేతిలో ఉందనీ చెప్పడానికే ఈ ఉత్తరం.

మీకే రాయడానికి కారణం ఉంది. నేను చెప్పబోయేది మీరు చూస్తున్న రెండు శాఖలూ కలిసే చోటి సంగతి. పైగా మీరు మా తెనాలి పక్కనున్న బుర్రిపాలెం వారు. గాలివాన వస్తే కృష్ణా డెల్టాలో ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అమెరికాలో ఆన్‌లైన్ శిక్షణ సంస్థను నిలబెట్టిన మీకు, లైన్ మధ్యలో తెగితే అవతలివాళ్ల అవస్థ ఏమిటో కూడా తెలుసు.

నేను తెనాలిలో పన్ను సలహాదారుగా ఉన్నాను. చిన్న వ్యాపారుల జీఎస్టీ లెక్కలు చూస్తాను. మా అమ్మ దివిసీమలో నాగాయలంక దగ్గర ఒక పల్లెలో ఒక్కతే ఉంటుంది. ఆమెకు మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి నేను తరచూ అక్కడికి వెళ్లి, అక్కడి నుంచే పని చేస్తున్నాను. జీఎస్టీఆర్-3బీ రిటర్న్ ప్రతి నెలా 20వ తేదీలోపు వేయాలి. దాటితే రోజుకి 50 రూపాయల ఆలస్య రుసుము. నాకది చిన్న మొత్తమే కావచ్చు, రోజుకి నాలుగైదు వందలు మిగిలే కిరాణా కొట్టు వాడికి కాదు.

అలాంటి ఒక 20వ తేదీన సాయంత్రం గాలి లేచి కరెంటు పోయింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కాబట్టి ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఫైబర్ పెట్టె మీద మాత్రం ఎర్ర లైటు కొట్టుకుంటోంది, అంటే తీగలో సిగ్నల్ రావడం లేదన్నమాట. మెట్ల గది కిటికీ ఊచకు ఫోన్ని తువ్వాలుతో కట్టి, యూఎస్‌బీ కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపాను. వైఫై హాట్‌స్పాట్ కన్నా కేబుల్ నయం. లైను నిలకడగా ఉంటుంది, ఫోన్ చార్జింగూ దిగిపోదు. పోర్టల్ తెరుచుకుంది. అంకెలు నింపాను, పన్ను చెల్లింపు అయింది, ఇక ఓటీపీ మిగిలింది. ఆ ఓటీపీ తెనాలిలో ఉన్న వ్యాపారి ఫోన్‌కి వెళ్తుంది, ఆయన నాకు ఫోన్ చేసి చెప్పాలి. సరిగ్గా అప్పుడు మొదటి సిమ్ సిగ్నల్ పోయింది. రెండో సిమ్‌కి మారుద్దామని చూస్తే అదీ లేదు. రెండూ ఒక్క నిమిషం తేడాలో పోయాయి.

కారణం మర్నాడు పొద్దున కళ్లారా చూశాను. ఊరి చివర చెరువు గట్టు మీద ఇనుప టవర్ ఒకటి ఉంది. దాని మీద ఒక వరస యాంటెన్నాలు ఒక కంపెనీవి, దాని కింది వరస ఇంకో కంపెనీవి. కంచె లోపల ఇద్దరికీ కలిపి ఒక బ్యాటరీల బీరువా, ఒక డీజిల్ జనరేటర్. బ్యాటరీలు పాతబడ్డాయని, డీజిల్ రావడం ఆలస్యమైందని అక్కడికొచ్చిన కుర్రాడు చెప్పాడు. నేను ఇద్దరికి డబ్బు కట్టి రెండు కనెక్షన్లు కొనుక్కున్నాను. అవి రెండూ ఒకే కరెంటు మీద, ఒకే బ్యాటరీ మీద నడుస్తున్నాయి. ఒకే దూలానికి రెండు ఉట్లు కట్టుకుని, ఒకటి పోతే ఇంకోటి ఉందిలే అనుకోవడం ఇది. పోయేది దూలం అయితే రెండూ కిందికే వస్తాయి.

టవర్లు పంచుకోవడం తప్పని నేననడం లేదు. 2007లో భారతీ, వొడాఫోన్, ఐడియా కలిసి ఇండస్ టవర్స్‌ని పెట్టినప్పటి నుంచీ మన దేశంలో టవర్ ఒకరిది, దాని మీద యాంటెన్నాలు పలువురివి అనే పద్ధతి స్థిరపడింది. స్థలం, ఇనుము, డీజిల్ కలిసొస్తాయి. అలా పంచుకోకపోతే మా అమ్మ ఉండే ఊరి లాంటి చోట్లకి రెండో కంపెనీ వచ్చేదే కాదు. కానీ ఆ సంగతి సిమ్ కొనేవాడికి ఎవరూ చెప్పరు. ఒక ఊళ్లో ఏ రెండు కంపెనీలు ఒకే టవర్ మీద ఉన్నాయో, ఏవి వేర్వేరు చోట్ల ఉన్నాయో తెలిస్తే రెండో సిమ్ ఏది తీసుకోవాలో ఎవరికి వారే తేల్చుకుంటారు.

టవర్ దగ్గర కరెంటు ఒక్కటే కాదు, అక్కడి నుంచి బయటికెళ్లే ఫైబర్ కూడా బలహీనమైన చోటే. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తీగలు ఎక్కువభాగం కరెంటు స్తంభాల మీద నుంచే లాగారు. త్వరగా, చవగ్గా ఊరూరా చేరడానికి ఆ దారి పనికొచ్చింది. కానీ స్తంభం ఒరిగితే కరెంటూ ఇంటర్నెట్టూ కలిసే పోతాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు తీరంలో ఎన్ని స్తంభాలు నేలకూలాయో చూసినవాళ్లెవరూ మరచిపోలేదు. తెలంగాణలో టీ-ఫైబర్‌ని మిషన్ భగీరథ పైపుల వెంట భూమిలో వేశారు. గాలికి అది నయం. భూమిలో ఉన్నదానికి మళ్లీ పొక్లెయినర్ గండం. తవ్వే ముందు తెలియజేయమని 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ యాప్ పెట్టారు. రోడ్డు కాంట్రాక్టరు దాన్ని వాడితే బాగుండును.

నాకు ఆ నెలలో ఒక సాయంత్రం పాడైంది, అంతే. మా పక్క చెరువుల వాళ్ల సంగతి వేరు. దివిసీమ నుంచి రేపల్లె, నిజాంపట్నం దాకా రొయ్యల సాగు మీద ఎన్ని కుటుంబాలు ఉన్నాయో మీకు తెలుసు. చెరువులో నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తీసుకుంటుంది. తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు అడుగంటుతుంది. ఆ వేళ ఏరేటర్లు ఆగిపోతే కొద్ది గంటల్లో పంట తేలిపోతుంది. అందుకని చాలామంది రైతులు చెరువు దగ్గర సిమ్ వేసిన చిన్న పెట్టె బిగించుకుంటారు. కరెంటు పోగానే అది రైతు ఫోన్‌కి కాల్ కొడుతుంది, ఆయన లేచి జనరేటర్ వేయిస్తాడు. టవర్‌లో బ్యాటరీలు బాగుంటే ఆ కాల్ వెళ్తుంది. బాగాలేకపోతే కరెంటుతో పాటే టవర్ కూడా ఆగుతుంది. పెట్టె అరుస్తూనే ఉంటుంది, రైతు నిద్రపోతూనే ఉంటాడు. ఏ క్షణం కోసం ఆ పెట్టె కొన్నాడో ఆ క్షణంలోనే అది పనికిరాదు. మా ఊళ్లో ఒకాయన అప్పటి నుంచి చెరువు గట్టు మీదే మంచం వేసుకుని పడుకుంటున్నాడు.

ఇక అసలు విషయానికి వస్తాను, మంత్రిగారూ. ఆ సాయంత్రం నేను ఫోన్ పట్టుకుని కరకట్ట దాకా నడిచాను. అక్కడ తెర మీద ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అని వచ్చింది. ఆ మాట అందరం చూసే ఉంటాం. దానర్థం మీ కంపెనీ సిగ్నల్ లేదు, వేరొకరిది ఉంది అని. కృష్ణ అవతలి ఒడ్డు నుంచో, పక్క మండలం నుంచో మూడో కంపెనీ టవర్ నా ఫోన్‌ని పలకరిస్తోంది. 112కి చేస్తే ఆ టవర్ తీసుకుంటుంది. నా ఓటీపీ కోసం కాల్ వస్తే తీసుకోదు. రైతు చెరువు నుంచి కాల్ వస్తే తీసుకోదు. యంత్రానికి చేతకాక కాదు, వాళ్ల మధ్య ఒప్పందం లేక.

సొంత కంపెనీ సిగ్నల్ లేనప్పుడు అదే సర్కిల్‌లో ఇంకొకరి టవర్‌కి తగులుకోవడాన్ని మీ శాఖ ఇంట్రా సర్కిల్ రోమింగ్ అంటుంది. ఇది కొత్తదేమీ కాదు. 2010లో 3జీ వేలం ముగిశాక అన్ని సర్కిళ్లలో స్పెక్ట్రమ్ దొరకని పెద్ద కంపెనీలు ఒకరి నెట్‌వర్క్ ఇంకొకరు వాడుకోవడానికి తమలో తామే ఒప్పందాలు చేసుకున్నాయి. 2011 డిసెంబర్‌లో మీ శాఖ దాన్ని ఆపమంది, జరిమానాలు వేసింది. కంపెనీలు పోరాడి 2014 ఏప్రిల్‌లో టెలికాం వివాదాల ట్రైబ్యునల్ టీడీశాట్‌లో గెలిచాయి. తమ వ్యాపారానికి పనికొచ్చినప్పుడు రోమింగ్ కోసం న్యాయపోరాటం చేసినవాళ్లు, ఖాతాదారుకి పనికొచ్చే చోట అది అసాధ్యమనడం కుదరదు.

ప్రభుత్వం కూడా దీన్ని వాడుతూనే ఉంది. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకి చెన్నై మునిగినప్పుడు తెరిచారు, 2025 ఆగస్టు వరదల్లో జమ్మూ కశ్మీర్‌లో తెరిచారు. 2025 జనవరి 17న మీ శాఖ ఇంకో మంచి అడుగు వేసింది. డిజిటల్ భారత్ నిధి సొమ్ముతో కట్టిన 4జీ టవర్లను అందులో పాలుపంచుకున్న కంపెనీల ఖాతాదారులందరూ వాడుకునేలా చేసింది. ప్రజల సొమ్ముతో కట్టిన టవర్ దగ్గర నీది ఏ కంపెనీ అని అడగకూడదన్న ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది. తుపానుకి తెరిచే తలుపు మామూలు గాలివానకి ఎందుకు తెరవకూడదన్నదే నా ప్రశ్న. దివిసీమలో ఒక టవర్ ఆగిపోవడానికి ఢిల్లీ దాకా కబురు వెళ్లేంత తుపాను అవసరం లేదు, వేసవి సాయంత్రపు ఈదురుగాలి చాలు. ఆదేశం తయారై వచ్చేలోపు కరెంటు కూడా వచ్చేస్తుంది. అందుకే అది ముందే ఉండాలి, దానంతటది పనిచేయాలి.

కంపెనీలు చెప్పే అభ్యంతరం నాకు తెలుసు. అందరి టవర్లూ అందరికీ పనికొస్తే పల్లెల్లో కొత్త టవర్ ఎవరు కడతారు అంటారు. అది తోసిపుచ్చాల్సిన మాట కాదు. కవరేజీ కోసం డబ్బు పోసినవాడికి ఫలితం దక్కాలి. అందుకే నేను అడుగుతున్నది ఎప్పుడూ ఉండే రోమింగ్ కాదు. ఒక కంపెనీకి అక్కడ టవర్ ఉండి, అది ఆగిపోయినప్పుడు మాత్రమే, అది తిరిగి లేచేదాకా మాత్రమే. టవరే లేని కంపెనీకి ఈ సాయం దొరకకూడదు. ఆదుకున్నవాడికి ఆగిపోయినవాడు చెల్లించాలి, ఆ రేటు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిర్ణయించాలి. అప్పుడు బ్యాటరీలు మార్చకుండా ఈడ్చేవాడికి నెలనెలా బిల్లు వస్తుంది. ఇవాళ టవర్ ఆగితే కంపెనీకి పోయేది పెద్దగా ఏమీ లేదు. నష్టమంతా ఊరిదే.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. నిలబడిన ఒక్క టవర్ మీద నాలుగు ఊళ్ల ఫోన్లూ పడితే అదీ కూలబడుతుంది. నిజమే. కాబట్టి కాల్స్, ఎస్సెమ్మెస్‌లు ముందు, డేటా ఆ తర్వాత. డేటాకి కూడా పరిమితి పెట్టండి. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని 2023 జనవరిలో ప్రభుత్వమే నిర్ణయించింది. కష్టకాలంలో అందులో నాలుగో వంతు ఇచ్చినా రిటర్న్ వేసుకోవచ్చు, బ్యాంకు పని చేసుకోవచ్చు, హాల్‌టికెట్ దించుకోవచ్చు. సినిమా ఎవరూ అడగడం లేదు.

జపాన్‌లో 2022 జులైలో కేడీడీఐ నెట్‌వర్క్ రెండు రోజులకు పైగా దెబ్బతింది. ఆ మరుసటి వసంతంలో కేడీడీఐ, సాఫ్ట్‌బ్యాంక్ ఒకరి లైన్ని ఇంకొకరు అత్యవసర రెండో లైన్‌గా అమ్మడం మొదలుపెట్టాయి. నెలకి 429 యెన్, మన లెక్కలో సుమారు 250 రూపాయలు. వేగం తక్కువ, డేటా కొంచెమే, కానీ అది అసలు లైన్ పోయినప్పుడు ఆదుకోవడానికే పుట్టిన కనెక్షన్. బద్ధ పోటీదారులే అక్కడ ఆ పని చేశారు.

మన దగ్గర అలాంటి కనెక్షన్ కొందామన్నా దొరకదు. రెండో సిమ్‌ని బతికించుకోవాలంటే వాడినా వాడకపోయినా మామూలు ప్లాన్ వేయాలి. డేటా ఓచర్ విడిగా ఉంటుంది గానీ, ప్రైవేటు కంపెనీల్లో కింద అసలు ప్లాన్ లేకపోతే అది పనిచేయదు. నెలలో ఒక గంట అవసరపడే లైన్‌కి 28 రోజులకోసారి పూర్తి డబ్బు కట్టమంటే మామూలు మనిషి మానేస్తాడు. 90 రోజులు వాడకపోతే సిమ్ ఆగిపోతుంది, ఖాతాలో 20 రూపాయలుంటే ఇంకో 30 రోజులు నిలుస్తుంది. నంబరు నిలుస్తుందే తప్ప గాలివాన రోజున అందులోంచి డేటా రాదు.

2024 డిసెంబర్‌లో ట్రాయ్ మంచి పని చేసింది. డేటా అక్కర్లేని పెద్దవాళ్ల కోసం మాటలు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ఓచర్లు ఇవ్వాలంది, ప్రత్యేక ఓచర్ల గడువు 365 రోజుల దాకా ఉండవచ్చంది. దానికి జోడీ ఇంకా రాలేదు. మాటలు అక్కర్లేని, డేటా మాత్రమే ఉండే, ఏడాది గడువుతో పది జీబీ ఇచ్చే ఓచర్ ఒకటి తప్పనిసరి చేయండి. రోజువారీ కోటా అక్కర్లేదు. ఆ కోటా దాటితే వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, ఆ వేగంలో ప్రభుత్వ పోర్టల్ ఏదీ తెరుచుకోదు. పది జీబీని ఒక్క రోజులో వాడుకున్నా, పన్నెండు నెలలు దాచుకున్నా వినియోగదారు ఇష్టం.

ఇంకొకటి. 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సేవా ప్రమాణాల నియమాల కింద కంపెనీలు తమ కవరేజీ మ్యాపుల్ని వెబ్‌సైట్లలో పెడుతున్నాయి. మా అమ్మ ఊరు ఆ మ్యాపుల్లో నిండుగా రంగు వేసి ఉంది. కరెంటు ఉన్నప్పుడు ఆ రంగు నిజం. కరెంటు పోయాక ఎన్ని గంటలు నిజమో ఆ మ్యాపు చెప్పదు. అదే నియమాల్లో, జిల్లా స్థాయిలో సేవ 24 గంటలకు మించి ఆగితే ఖాతాదారుకి పరిహారం ఇవ్వాలని ఉంది. ఊరి టవర్ వారానికోసారి నాలుగైదు గంటలు ఆగితే అది ఏ లెక్కలోకీ రాదు. టవర్ల వారీగా బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతుంది, జనరేటర్ ఉందా, ఆ టవర్ మీద ఎవరెవరు ఉన్నారు, గడచిన నెలలో ఎన్ని గంటలు ఆగింది అనే నాలుగు వివరాలు ఆ మ్యాపులోనే పెట్టించండి. పంచాయతీ సర్పంచ్ దాన్ని చూసి అడగగలగాలి.

2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ పథకానికి 1,39,579 కోట్ల రూపాయలు కేటాయించారు. అందులో పంచాయతీలను వరసగా ఒకే తీగకి గుచ్చకుండా వలయంలా కలపాలని పెట్టారు, ఒక వైపు తెగితే రెండో వైపు నుంచి సిగ్నల్ రావాలని. పంచాయతీ ఆఫీసుకి రెండు దారులు ఉండాలని దేశం ఒప్పుకుంది, దానికి డబ్బూ పెట్టింది. ఆ ఆఫీసు ఎదురుగా కిరాణా కొట్లో ఫోన్‌పే స్కానర్ పెట్టుకున్న మనిషికి, ఆ వెనక వీధిలో ఆన్‌లైన్ పరీక్ష రాస్తున్న అమ్మాయికి కూడా రెండో దారి కావాలి. దానికి లక్ష కోట్లు అక్కర్లేదు. ఉన్న టవర్ల మధ్య ఒప్పందం చాలు.

రాష్ట్రం విడిపోయినా టెలికాం లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకటే సర్కిల్. ఒక్క ఆదేశంతో రెండు రాష్ట్రాలకూ మేలు జరుగుతుంది. అంత పెద్దగా మొదలుపెట్టడానికి సందేహం ఉంటే చిన్నగా పెట్టండి. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ, రేపల్లె, నిజాంపట్నం మండలాల్లో వచ్చే తుపానుల కాలం లోపు, అంటే అక్టోబర్‌కి ముందే, టవర్ ఆగగానే దానంతటదే తెరుచుకునే రోమింగ్‌ని మొదలుపెట్టి ఆరు నెలలు నడిపి చూడండి. ఎన్నిసార్లు తెరుచుకుంది, ఎవరి మీద ఎంత భారం పడింది, ఎవరు ఎవరికి ఎంత చెల్లించాల్సి వచ్చింది అన్నవి బయటపెట్టండి. కంపెనీల భయాలు నిజమో కాదో ఆ అంకెలే చెబుతాయి.

మా ఊరి టవర్ ఏ రోజు ఏ వేళ ఆగిందో, ఎప్పుడు లేచిందో రొయ్యల రైతులూ నేనూ ఒక నోటు పుస్తకంలో రాసి పెడుతున్నాం. మీ కార్యాలయం అడిగితే దాని నకలు పంపిస్తాం. పక్క ఊళ్ల వాళ్లు కూడా రాయడానికి సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
తెనాలి నుంచి ఒక పన్ను సలహాదారు